రాగి గిన్నెల నీళ్ళు ముందుగాల సల్లారాలె గదా, మరి ఎందుకు సల్లారలే?

చెల్లె, మీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ పాప ఎనిమిదో తరగతి, సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకు రాగి, స్టీల్, గాజు, ప్లాస్టిక్, మట్టి గిన్నెలు అయిదు తీస్కొని అండ్ల అర లీటర్ చొప్పున 80 డిగ్రీల నీళ్ళు పోసిన్రు. అరగంటయినంక చూస్తె రాగిల 61, స్టీల్ల 61, గాజుల 60, ప్లాస్టిక్‌ల 62, మట్టిల 54 వచ్చింది. రాగి మంచి ఉష్ణవాహకం కాబట్టి అదే ఫస్ట్ సల్లారాలె, పుస్తకంల గట్లనే ఉంది, మాదేమన్న తప్పయిందా, రీడింగులు జర మార్చి రాయాల్నా అని అడిగిన్రు.

మార్చకుండ్రి. దండం పెడ్త, ఒక్కటి గూడ మార్చకుండ్రి. మీ రీడింగులు కరెక్టే, తప్పంతా మనం పెట్టుకున్న అంచనాల ఉంది. నేను వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడులల్ల 31 ఏండ్లు ఫిజిక్స్ చెప్పిన, ఈ ప్రయోగం పిల్లలతోటి ఎన్నిసార్లు చేయించిన్నో లెక్క లేదు, మొదట్ల నాలుగైదేండ్లు నేను గూడ పిల్లలకు "ప్రయోగ దోషం" అని రాయించి చేతులు దులుపుకున్న. అది తల్చుకుంటె ఇప్పటికి సిగ్గయితది.

రాగి వేడిని స్టీల్ కంటె సుమారు 25 రెట్లు బాగ పంపుతది, అది అబద్ధం కాదు. రాగి లెక్క 400 అయితె అల్యూమినియం 235 దాక ఉంటది, ఇత్తడి 110, 120 మధ్యల, మనింట్ల వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ 15, గాజు 1, ప్లాస్టిక్ 0.2. గని ఇది గోడ ఒక్కదాని కథ. నీళ్ళల్ల ఉన్న వేడి బయటికి పోవాలంటె గోడ దాటితె సరిపోదు, గోడ దాటినంక దాన్ని గాలి అందుకోవాలె. పాకాల చెర్వు తూము ఎంత పెద్దగ లేపినా కింద కాల్వ మోరీ ఇరుకుగ ఉంటె పొలానికి మోరీ పట్టినన్ని నీళ్ళే పోతయి గదా, గట్లనే ఇక్కడ ఇరుకు మోరీ గాలి.

ఎంత ఇరుకంటె, కదలని గాలిల పెట్టిన గిన్నె ఒక చదరపు మీటర్ గోడ మీదికెల్లి ఒక డిగ్రీ తేడాకు సుమారు 10 వాట్లే పోగొట్టుకుంటది, గాలి మోసేది, రేడియేషన్ల (కిరణాల రూపంల) పోయేది రెండు కలుపుకొని. మరి గోడ ఎంత పంపగలదు? ఒక మిల్లీమీటర్ మందం స్టీల్ గోడ అయితె 15 వేల వాట్లు, అంతే మందం రాగి అయితె 4 లక్షలు. 15 వేలు పట్టే తూముకు, 4 లక్షలు పట్టే తూముకు కింద 10 పట్టే మోరీ ఉంటె ఇగ తేడా ఏడికెల్లి వస్తది చెప్పుండ్రి? ప్లాస్టిక్ రెండు మిల్లీమీటర్లది తీస్కున్నా 100 వాట్లు పంపుతది, అది గూడ గాలి కంటె పదింతలు ఎక్కువే, అందుకే మీ ప్లాస్టిక్ గిన్నె ఒక్క డిగ్రీనే వెనకబడ్డది. ఆ ఒక్క డిగ్రీ గూడ పాప ఎంత బాగ చదివి రాసిందో చెప్తది, నాకైతె దాన్ని చూస్తెనే సంబురమైంది.

ఇంకోటి, మీరు మూత పెట్టలేదు అనుకుంట, మీ నంబర్లు చూస్తెనే తెలుస్తుంది. మూత లేని ఉడుకు నీళ్ళు గోడల నుంచి కంటె మూతి నుంచే ఎక్కువ సల్లారుతయి, ఆవిరి రూపంల. ఒక్క గ్రాము నీళ్ళు ఆవిరై పోయేటప్పుడు సుమారు 2300 జౌళ్ళ (జౌల్ అంటె వేడిని కొలిచే లెక్క) వేడి ఎత్తుకపోతది, అంటె ఒక్క గ్రాము పోతె మిగిలిన అర లీటర్ ఒక డిగ్రీ కంటె జర ఎక్కువనే సల్లారుతది. మా బడి ఎదురుంగ కిరాణం షాపాయన దగ్గర డిజిటల్ కాంటా ఉండేది, ఒకసారి పిల్లలం అందరం గిన్నె పట్టుకొని ఆడికి పోయినం, ఉడుకు నీళ్ళు పోసి తూకం చూసి, అరగంట ఆయన బేరం చెడగొట్టుకుంట ఆడనే నిలబడి మల్ల చూసినం, పదకొండు గ్రాములు తగ్గింది. పదకొండు గ్రాములంటె దాదాపు 25 వేల జౌళ్ళు. అర లీటర్ నీళ్ళు 20 డిగ్రీలు దిగాలంటె మొత్తం పోవాల్సింది 42 వేలు. అంటె సగం కంటె ఎక్కువ వేడి గోడలను ముట్టకుండనే మీదికెల్లి పోయింది! ఇగ గోడ రాగిదైతేంది, రేకుదైతేంది. షాపాయన గూడ "నీళ్ళు గిట్ల తూకం తగ్గుతయా సార్" అని ముక్కు మీద ఏలేసుకున్నడు.

మట్టిది తప్ప మిగిలిన నాలుగు గిన్నెలకు మూతలు పెట్టి చేస్తె అరగంటకు 70 దగ్గర్ల ఉంటయి. మీ పాప ప్రాజెక్టుల అన్నిటికన్న పెద్ద తేడా చూపెట్టేది గిన్నె కాదు, మూత.

మట్టి గిన్నె ఎందుకు 54కు దిగిందంటె దానికి రెండు కారణాలు. ఒకటి, మందం ఎక్కువ, బరువు ఎక్కువ, పొయ్యంగనే తన వంతు వేడి తాను మింగింది. రెండోది అసలుది, అది నీళ్ళు పీల్చి బయట చెమ్మ పట్టింది, అంటె మూతి ఒక్కటే కాకుండ గోడంతా ఆవిరైంది. నమ్మకం లేకుంటె గిన్నె బయట చెయ్యి పెట్టి చూడుండ్రి, తడి తగుల్తది. ఇండ్ల మట్టి ఉష్ణవాహకత పాత్ర దాదాపు ఏం లేదు, అది రాగి కంటె కొన్ని వందల రెట్లు చెడ్డ వాహకం, అయినా అదే అందరికంటె ముందు సల్లారింది. మీ పాప చార్టు మీద ఈ ఒక్క ముక్క రాసినా చాలు, జడ్జీలు ఆగి చదువుతరు.

రంజన్, అంటె నీళ్ళు సల్లగ చేసే మట్టి కుండ, దాని కథ గూడ ఇదే. మన దిక్కు ఎండకాలం రంజన్ లేని ఇల్లు ఉండదు గదా. మే నెలల మా వరండల 43 డిగ్రీలు ఉన్నప్పుడు రంజన్ల తర్మామీటర్ పెడితె 28 చూపెట్టింది. పది లీటర్ల నీళ్ళను 15 డిగ్రీలు దించాలంటె పావు లీటర్ కంటె కొంచెం ఎక్కువ నీళ్ళు ఆవిరి కావాలె, బయటి గాలి మల్ల వేడి చేస్తనే ఉంటది కాబట్టి అసలుకు ఇంకా ఎక్కువే పోతయి. అందుకే పొద్దుగాల నింపిన రంజన్ పొద్దుగూకే వరకు వెలితి పడ్తది, పిల్లలు తాగిన్రని తిట్టకుండ్రి. గని అదే రంజన్ వానకాలం ఎందుకు సల్లగ చేయదు? గాలిల తేమ. 44 డిగ్రీల ఎండల తేమ 20 శాతమే ఉంటె, తడి వస్తువు ఆవిరైకుంట దిగగలిగే హద్దు 25, 26 దాక ఉంటది, దాన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటరు. జూలైల 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు ఆ హద్దు 28 కాడనే ఆగుతది, అంటె రంజన్ కింద మీద పడ్డా నాలుగు డిగ్రీలకు మించి దించలేదు. ఎయిర్ కూలర్ గూడ అదే బాపతు, మేల మస్తుగ ఉంటది, జూలైల ఇల్లంత జిడ్డు జిడ్డు చేస్తది.

రోడ్డు పక్కన పువ్వుల డిజైన్ వేసి ఆయిల్ పెయింట్ కొట్టిన రంజన్లు అమ్ముతరు, చూడటానికి బాగుంటయి గని తీస్కోకుండ్రి. పెయింట్ కొట్టినంక బొక్కలన్ని మూసుకపోతయి, అండ్ల నీళ్ళు స్టీల్ బిందెల నీళ్ళతోటి సమానం. కుమ్మరోళ్ళు మన్నుల సన్న ఇసుక కలిపి కాల్చిన మామూలు ఎర్ర కుండ, గోరుతోటి కొడితె ఖంగుమని మోగేది, అదే మంచిది. రెండేండ్లు వాడినంక బోరు నీళ్ళ ఉప్పు బొక్కలల్ల పేరుకొని కుండ ముదిరిపోతది, కొబ్బరి పీచుతోటి బయట రుద్దితె కొన్ని రోజులు నడుస్తది, సబ్బు మాత్రం పెట్టొద్దు.

ఇత్తడి చెంబుల టీ పోస్తె జల్ది సల్లారుతది అని మా నాయనమ్మ అనేది, నేను కొట్టేసేటోన్ని, తర్వాత తెలిసింది ఆమె మాటల గూడ నిజముంది, గని కారణం వేరే. కిలో బరువున్న ఇత్తడి చెంబు 25 డిగ్రీలల్ల ఉన్నదనుకోండ్రి, అండ్ల అర లీటర్ 90 డిగ్రీల నీళ్ళు పోస్తె చెంబు, నీళ్ళు కలిసి 80 కాడికి వస్తయి. పది డిగ్రీలు, అది గూడ నిమిషంల! ఇది సల్లారుడు కాదు, చెంబు తన వాటా తీస్కునుడు. ఒక్కసారి తీస్కున్నంక ఇగ అది గూడ అందరి లెక్కనే మెల్లగ దిగుతది. అందుకే ప్రయోగంల గిన్నెలను ముందు ఉడుకు నీళ్ళతోటి ఒకసారి తొలిపి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు అసలు నీళ్ళు పొయ్యాలె, లేకుంటె బరువు గిన్నెకు అన్యాయం జరుగుతది. చెయ్యికి కాలుడు గూడ మనల్ని మోసం చేస్తది, స్టీల్ గ్లాసు పట్టుకుంటె చుర్రుమంటది, మట్టి కప్పు పట్టుకుంటె కాలదు, అది వేడి చెయ్యికి ఎంత స్పీడుగ వస్తుందో చెప్తది గని లోపల నీళ్ళు ఎంత వేడున్నయో చెప్పదు.

రంగు సంగతి. ఇది ఎవ్వరు పట్టించుకోరు గని నాకు చానా ఇష్టమైన ముచ్చట. 80 డిగ్రీల గిన్నె గోడల మీదికెల్లి పోయే వేడిల దాదాపు సగం రేడియేషన్ల పోతది, అది గూడ లోహం గిన్నె అయితె పైపొర మాసి ఉంటెనే. తళతళ మెరిసే లోహం రేడియేషన్ చానా తక్కువ ఇడుస్తది. జాన్ లెస్లీ అనే ఆయన 1804ల ఉడుకు నీళ్ళు నింపిన ఒక డబ్బా నాలుగు దిక్కుల నాలుగు రకాల పైపొరలు పెట్టి దీన్ని చూపించిండు, ఇప్పటికి కాలేజి ల్యాబుల్ల లెస్లీ క్యూబు ఉంటది. అంటె పెంబర్తిల చేసిన కొత్త ఇత్తడి బిందెను చింతపండుతోటి తోమి మూత పెట్టిన్రనుకోండ్రి, అది పాతబడి నల్లగైన అదే సైజు బిందె కంటె ఎక్కువసేపు వేడి పట్టుకుంటది. పుస్తకం ప్రకారం "మంచి వాహకం" అయిన లోహం నిజంల వేడి దాచి పెడ్తది, చూసిన్రా! ఇంట్లనే చెయ్యొచ్చు ఇది, రెండు ఒకే తీరు స్టీల్ గ్లాసులు తీస్కొని ఒకదాని బయట దీపం మసి అంతటా పట్టించుండ్రి, రెండిట్ల ఒకే నీళ్ళు పోసి మూతలు పెట్టుండ్రి, అరగంటకు మసి గ్లాసు నాలుగైదు డిగ్రీలు కిందికి పోతది. మసి చేతికంటకుండ చూస్కోండ్రి, నేను ఒకసారి ఇన్స్పెక్షన్‌కు వచ్చిన సారుతోటి అదే చెయ్యితోటి చేతులు కలిపిన.

మరి గిన్నె మెటీరియల్ అసలే పనికి రాదా అంటె గట్ల గాదు, బయట గాలి లేకుంటె కథ మారుతది. పిల్లల పాల సీసా సల్లార్చటానికి నీళ్ళ బకెట్ల పెడ్తం గదా, నీళ్ళు గాలి లెక్క ఇరుకు మోరీ కాదు, గాలి 10 తీస్కపోతె నీళ్ళు వందలల్ల తీస్కపోతయి. ఇప్పుడు ప్లాస్టిక్ గోడ పంపే 100 ఉంది చూడుండ్రి, అదే ఇరుకైపోయింది. అందుకే గాలిల ఒక్క డిగ్రీ తేడా చూపెట్టిన స్టీల్, ప్లాస్టిక్ గిన్నెలు సల్ల నీళ్ళ టబ్బుల పెడితె స్టీల్ రెండింతల కంటె స్పీడుగ సల్లారుతది. మీ పాపతోటి ఈ రెండు ప్రయోగాలు పక్కపక్కన చేపియ్యుండ్రి, ఒకటి బల్ల మీద, ఒకటి టబ్బుల, అవే గిన్నెలు. ఇది చేస్తె ప్రాజెక్టు స్థాయే మారుతది, నన్నడిగితె అయిదు గిన్నెల కంటె ఈ రెండు చాలు. స్టీల్, రాగి తేడా మాత్రం టబ్బుల గూడ కనబడదు, రెండిటి తూములు అప్పటికి గూడ చానా పెద్దయే.

వేడి చేసుడు గురించి గూడ ఒక మాట అడిగిన్రు, రాగి గుండిగల నీళ్ళు జల్ది కాగుతయి అని మీ అత్తమ్మ అంటదట. కట్టెల పొయ్యి మీద గుండిగ జల్ది కాగేది దాని అడుగు వెడల్పుగ ఉండి మంటంతా పట్టుకుంటది కాబట్టి, మూతి ఇరుకు కాబట్టి ఆవిరి తక్కువ పోతది. అదే ఆకారం స్టీల్‌ల చేపిస్తె అంతే సేపట్ల కాగుతయి. గ్యాస్ పొయ్యిలకు బీఐఎస్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కనీస లెక్కనే వేడిల 68 శాతం గిన్నెకు చేరాలని, అంటె మంచి పొయ్యి మీద గూడ మూడోవంతు దాక వేడి గిన్నె పక్కలకెల్లి గాలిల కలుస్తది, చిన్న గిన్నె పెట్టి మంట పెద్దగ పెడితె ఇంకా ఎక్కువ. మెటీరియల్ తేడా తెల్సేది పాలకు, పప్పుకు. సన్న స్టీల్ గిన్నెల మంట తగిలిన కాడనే మాడుతది, వేడి పక్కకు పాకదు, రాగి అడుగు అతికిన గిన్నెల సమంగ పాకుతది. నీళ్ళకు ఆ బాధ లేదు, అడుగున వేడెక్కిన నీళ్ళు వాటంతట అయ్యే పైకి లేస్తయి. ఇండక్షన్ పొయ్యికి మాత్రం లోహం ఏందో ముఖ్యం, అయస్కాంతం అతుక్కోని గిన్నె పెడితె పొయ్యి పని చెయ్యదు.

హీటర్ రాడ్ అయితె ఇంకా సింపుల్, 15 లీటర్ల బకెట్ 25 నుంచి 45కు తేవాలంటె 1500 వాట్ల రాడ్‌కు 14 నిమిషాలు, మూడోవంతు యూనిట్ కంటె జరంత ఎక్కువ, బకెట్ దేనిదైనా అంతే. గని ఇనుప బకెట్ల, స్టీల్ బకెట్ల రాడ్ పెట్టకుండ్రి, ఇది ఫిజిక్స్ ముచ్చట కాదు, ప్రాణం ముచ్చట. స్విచ్ తీసి ప్లగ్ పీకినంకనే నీళ్ళల్ల చెయ్యి పెట్టాలె. రాడ్ మీద తెల్ల సున్నం పేరుకుంటె కరెంటు వృథా అయితది అనుకుంటరు, వేడి మొత్తం చివరికి నీళ్ళకే పోతది, గని రాడ్ లోపల కాగి కాగి జల్ది కాలిపోతది.

ఉడుకు నీళ్ళు ఫ్రీజర్ల సల్ల నీళ్ళ కంటె ముందు గడ్డ కడుతయని యూట్యూబుల చూసి అది గూడ పెడ్తమన్నరు. టాంజానియా పిలగాడు ఎంపెంబా 1963ల ఐస్‌క్రీమ్ చేసుకుంట గమనించిండు, 1969ల ఆస్బోర్న్ అనే ప్రొఫెసర్‌తోటి కలిసి పేపర్ రాసిండు, 2016ల బ్రిటన్‌ల జాగ్రత్తగ మల్ల చేస్తె అది నిలబడలే. ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకు ఆ లొల్లి ఎందుకు, ఇడిసిపెట్టుండ్రి.

మల్ల చేసేటప్పుడు గిన్నెల మూతులు ఒకే వెడల్పు ఉన్నయి చూస్కోండ్రి, మూతి వెడల్పైతె మొత్తం లెక్క తారుమారైతది. ఫ్యాన్ బందు పెట్టుండ్రి. గిన్నెలన్నీ గ్రానైట్ బండ మీద కాకుండ మడతేసిన పాత టవల్ మీద పెట్టుండ్రి, బండ కిందికెల్లి వేడి గుంజుతది. తర్మామీటర్ బల్బు అడుగుకు, గోడకు తగలొద్దు, చదివే ముందు నీళ్ళు ఒకసారి మెల్లగ కలపాలె, పైన కింద తేడా ఉంటది. మరిగే నీళ్ళల్ల పెడితె 99 చూపెడ్తది, తర్మామీటర్ పాడైంది అనుకోకుండ్రి, మనం సముద్ర మట్టానికి 250 మీటర్ల పైన ఉన్నం కాబట్టి ఆ డిగ్రీ తక్కువనే మరుగుతయి. గ్రాఫ్ గీస్తె గీత నిటారుగ రాదు, మొదటి పది నిమిషాలు జర్రున దిగి తర్వాత మెల్లగైతది, గది వేడికి నీళ్ళ వేడికి ఉన్న తేడా తగ్గే కొద్ది స్పీడు తగ్గుతది, న్యూటన్ 1701ల చెప్పింది గిదే.

గాజు గిన్నెకు మందం ఊరగాయ సీసా వాడకుండ్రి. నేను ఉద్యోగంల చేరిన ఏడాదే అట్లాంటి సీసాల మరిగే నీళ్ళు పోసిన, లోపలి పొర వేడికి సాగింది, బయటి పొరకు ఇంకా కబురందలే, టప్పుమని నిలువునా పగిలి టేబుల్ మీద పెట్టిన హాజరు పట్టీ మొత్తం తడిసింది. సన్న టీ గ్లాసు తట్టుకుంటది, ల్యాబుల వాడే బోరోసిలికేట్ బీకర్ దొరికితె ఇంకా మంచిది, మీ బడి సైన్స్ సార్‌ను అడిగితె ఒకటి ఇస్తడు.